కడిగి తెచ్చిన బండి

మంగళవారం పొద్దున్న కలిదిండి దగ్గర చెరువు గట్టు మీద బండిలోకి చేపపిల్లల్ని ఎక్కిస్తుంటే ఫోన్ వచ్చింది. కైకలూరులో నా బండి చూసే మెకానిక్ మేస్త్రీ గారు పోయారని ఆయన అల్లుడు చెప్పాడు. పళ్లు తోముకుంటూ ఆయాసం అన్నారట, ఆటో వచ్చేలోపే అయిపోయిందట. వెంటనే బయలుదేరాలనిపించింది. కానీ ఎక్కించిన పిల్లల్ని వదిలేసి వెళ్తే ఆయనే చివాట్లు పెట్టేవారు. లోడు దింపే వెళ్లాను.

మా పని తెలియని వారికి ఒక మాట చెప్పాలి. పికప్ వెనక టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి, చేపపిల్లల్ని ప్రాణాలతో చేరవేస్తాం. కుదుపులకి నీళ్లు కదులుతున్నంతసేపే వాటికి ఊపిరి. బండి ఆగితే కాసేపటికి నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఆపైన ఎంతోసేపు బతకవు.

రెండేళ్ల కిందట నా బండికి దారిలో ఆగిపోయే జబ్బు పట్టుకుంది. అరగంట నడిచాక ఇంజన్ నీరసించి ఆగిపోయేది. పది నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఆ పది నిమిషాలూ నేను వెనక్కెక్కి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రెండు చేతులా కలియబెట్టేవాణ్ణి. రెండు లోడ్లు సగానికి సగం చచ్చాయి. మూడోది కూడా పోతే ఇక ఏ రైతూ నన్ను పిలవడు.

మేస్త్రీ గారు బోనెట్ ఎత్తే ముందు ప్రశ్నలు వేసేవారు. "ఏవండీ, ఆగినప్పుడు దగ్గిందా, చప్పుడు లేకుండా పోయిందా? అప్పుడు మీరేం చేస్తున్నారు?" అని. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం మడ్‌గార్డు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని వినేవారు. మొదటిసారి ఫిల్టరు మార్చారు. రెండోసారి పైపులన్నీ విప్పి చూశారు. ఆకివీడు దాకా నడిపి వచ్చారు, ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడు లోడుతో బయలుదేరితే మళ్లీ ఆగింది.

మూడోసారి షెడ్డు నిండా జనం ఉండగా నోరు జారాను. "మీకు వయసైపోయిందండి, ఇంక కుర్చీలో కూర్చోండి" అన్నాను. ఆయన చేతులకి సబ్బుపొడి రాసుకుంటూ, "రేపు లోడుతో నేనూ వస్తానండి" అన్నారు, అంతే.

మర్నాడు ఎండెక్కాక, కొల్లేటి గట్టు మీద, ముందూ వెనకా మనిషన్నవాడు లేనిచోట బండి ఆగింది. వెనక నీళ్లు నిమ్మళించాయి. అప్పుడే నాలుగైదు నోళ్లు పైకి తేలుతున్నాయి. నేను బోనెట్ దగ్గరకి పరుగెత్తాను.

"దాన్ని ముట్టుకోకండి" అన్నారాయన. మెల్లగా బండి చుట్టూ తిరిగి డీజిల్ ట్యాంకు దగ్గర ఆగారు. "ఇదేంటండీ?"

ట్యాంకు మూత మీద మందపాటి ప్లాస్టిక్ కవరు, దాని చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టిన కట్టు. "నీళ్లు చిమ్మి డీజిల్లో పడకుండా నేనే కట్టానండి" అన్నాను.

"షెడ్డుకొచ్చినప్పుడు ఎప్పుడూ లేదే?"

"చేపల కంపుతో మీ దగ్గరకెలా తెస్తానండీ? శుభ్రంగా కడిగించి తెస్తాను కదా. అప్పుడు విప్పేస్తానండి."

ఆయన నా మొహంలోకి చూశారు. "మీ చేత్తోనే విప్పండి. మూత తియ్యండి."

తీశాను. ట్యాంకు ఒక్కసారి బుస్సుమని గాలి పీల్చుకుంది. ఈలోగా ఆయన, అరవై దాటిన మనిషి, ప్యాంటు పైకి మడుచుకుని వెనక్కెక్కి నీళ్లు కలియబెడుతున్నారు. అక్కణ్ణుంచే కేకేశారు: "ఇంజన్ పక్కన డీజిల్ చేతిపంపు నొక్కండి! ఇంకో పది! ఇప్పుడు తిప్పండి!" ఇంజన్ అందుకుంది. ఆ లోడులో నాలుగు పిల్లలు పోయాయేమో, అంతే.

దారిలో చెప్పారు. డీజిల్ తగ్గిన మేరకి ట్యాంకులోకి గాలి వెళ్లాలి. దానికి మూతలోనే సన్నటి దారి ఉంటుంది. నేను దాని గొంతు బిగించి, తప్పు ఆయన నెత్తిన వేశాను. "ముస్తాబు చేసిన బండి నిజం చెప్పదండి. కంపైతే కంపే, ఎలా ఉన్నదాన్ని అలాగే తెండి" అన్నారు. షెడ్డులో వాళ్లు ఏమైందని అడిగితే మాత్రం, "గాలి సమస్యండి, నాకే లేటుగా తట్టింది" అన్నారు. ఆయన పక్కన నిలబడి నేను తల దించుకున్నాను.

పోయిన నెల ఆయన్ని ఏలూరు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. గోళ్ల సందుల్లో గ్రీజు ఆనవాలు లేకుండా తోముకుని, పౌడరు రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు. ఒక్క అంతస్తు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగారు. ఆగినప్పుడల్లా గోడ మీద బోర్డులు చదువుతున్నట్టు నిలబడ్డారు.

"ఆయాసం వస్తుందా?" అని డాక్టరు గారు అడిగారు.

"అబ్బే, లేదండి. కాస్త నిద్ర పట్టట్లేదంతే."

డాక్టరు గారు నా వైపు చూశారు. "మీరేమంటారు?"

పెద్దాయన పక్కన కూర్చుని ఉండగా ఆయన మాట అబద్ధమని ఎలా అనడం? "బానే ఉంటారండి" అన్నాను. నన్ను షెడ్డులో నలుగురి ముందూ కాపాడిన మనిషిని నేను అలా కాపాడాననుకున్నాను. ఆ మాటకి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

సమాధి కార్యక్రమం అయి అందరూ వెళ్లాక పిన్నిగారు, అంటే మేస్త్రీ గారి భార్య, వరండాలో మంచం మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి అడిగారు. "ఏలూరులో డాక్టరు గారికి ఏం చెప్పారండీ ఈయన?"

ఏమీ దాచలేదు. మెట్లు, బోర్డులు, నా మాట, అన్నీ చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

ఆవిడ వీధి వైపు చూశారు. "చర్చికి నడిచేటప్పుడు చెప్పు తెగిందని ఆగేవారండి" అన్నారు. "ప్రతి ఆదివారమూనూ. తెగలేదని నాకు తెలుసు."

మంచం మీద కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.