బుల్లి కారుని లేపిన మా అత్తగారు

పోయిన నెలలో ఒక పొద్దున్న మా బావగారు ఫోన్ చేసి, “అమ్మ వెళ్ళిపోయిందమ్మా” అన్నారు. స్నానం చేసి, కాఫీ తాగి, వీధరుగు మీద పేపరు ముందేసుకుని కూర్చున్నారట మా అత్తగారు. పిలిస్తే పలకలేదట. ఎవరిచేతా ఒక్కపూట కూడా చాకిరీ చేయించుకోకుండా వెళ్ళిపోయారు. రాజమండ్రి నుంచి పాలకొల్లు వెళ్ళే బస్సులో కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

పెద్దకర్మ రోజున పరామర్శకి వచ్చినవాళ్ళలో సగం మంది ఒకటే మాట. “బుల్లి కారు తోలింది ఈవిడేనండీ!” ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ మొహాల్లో దుఃఖం కంటే ముందు నవ్వు కనిపించింది. ఆ నవ్వు ఎక్కడిదో మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అత్తగారి నాన్నగారు పాతకాలపు డాక్టరు. లంక గ్రామాలకి పడవలో, మిగతా ఊళ్ళకి ఆ కారులో తిరిగేవారు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన చిన్న నల్ల కారు. ఊళ్ళవాళ్ళు దాన్ని బుల్లి కారు అనేవారు. ఆయనకి ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరికీ కాలవగట్టు మీద డ్రైవింగు నేర్పారు. ఆయన పోయాక కారు చిన్నకూతురికి, అంటే మా అత్తగారికి, వచ్చింది. కొన్నాళ్ళు నడిపారు. తర్వాత పిల్లలు, వ్యవసాయం, ఇంటినిండా జనం. కారు గొడ్ల కొట్టం పక్కన రేకుల షెడ్డులోకి చేరి, అక్కడే ఉండిపోయింది.

మా మావగారికి కాదనడం చేతకాదు. “షెడ్డులో ఊరికే పడుంది కదండీ” అని ఎవరేం అడిగినా విప్పి ఇచ్చేసేవారు. అలా కారు సామాన్లు ఒక్కొక్కటే ఊళ్ళు పట్టుకుపోయాయి. 

ఇందులోనే ఇంకో ముడి ఉంది. మా అత్తగారి అక్కగారిది మొగల్తూరు. ఒక పెళ్ళిలో నలుగురిలో ఆవిడ, “నాన్నగారి కారుని కొట్టంలో పడేసి తుప్పు పట్టించింది మా చెల్లెలు” అన్నారట. ఈవిడ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశారు. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే అది పాతబడిపోయిన మౌనం.

తొంభైల్లో మావైపు వరి చేలన్నీ చేపల చెరువులైపోతున్న రోజులు. మావాళ్ళూ ఒక చెరువు తవ్వించారు. మేత బస్తాలు పెట్టుకోవడానికి షెడ్డు కావాలన్నారు. పాత ఇనుము కొనే అతను తాళ్ళు, గునపాలు పట్టుకుని వచ్చేశాడు. మా అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి కారుకి అడ్డంగా నిలబడ్డారు.

“దీన్ని అమ్మాల్సి వస్తే నేనే తోలుకెళ్ళి అమ్ముతాను. ఈడ్చుకెళ్ళనివ్వను.”

“తోలడానికి అందులో ఏం మిగిలిందే?” అన్నారు మావగారు.

“మిగలనివి ఎక్కడున్నాయో మీకు తెలుసుగా. పదండి.”

ఆయన నెత్తి గోక్కున్నారు. “ఇచ్చినవి ఎలా అడగనే? బావుండదు.”

“ఇచ్చిన నోరే అడగాలి” అన్నారావిడ. తర్వాత రోజుల్లో మా ఇంట్లో అదొక సామెత అయిపోయింది.

పాలకొల్లు నుంచి కార్ల మేస్త్రిని పిలిపించి చూపించాం. సీటు నిండా ఎలకల గూళ్ళు, కింద పాము కుబుసం. ఇంజను మటుకు బిగుసుకుపోలేదేమో అన్నాడు. లేనివి ముఖ్యంగా నాలుగు: డైనమో, ఒక హెడ్‌లైటు, ముందునుంచి తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు, కార్బ్యురేటరు. అప్పట్లో నాకు కాలేజీ సెలవులు. మా అత్తగారి సంచీ మోసే పని నాది. మావగారితో కలిసి ముగ్గురం బస్సులెక్కి తిరిగాం. డైనమో పక్కూరి రైసుమిల్లులో అటక మీద దొరికింది. హ్యాండిలు కడియం నర్సరీలో ఉంది. పెద్ద పెద్ద కుండీలని జరపడానికి దాన్ని మీటలా వాడుతున్నారు. నర్సరీ ఆయన హ్యాండిలుతోపాటు రెండు గులాబీ మొక్కలు కూడా ఇచ్చి, “ఇది కారుదని మా నాన్న చెప్తే నమ్మలేదండీ” అన్నాడు.

హెడ్‌లైటు నరసాపురం దగ్గర ఒక చేపల పడవ ముందు కూర్చుని ఉంది. ఆ పడవవాళ్ళు వెంటనే విప్పబోతే మా అత్తగారు ఆపారు. “వేటకెళ్ళే పడవకి దీపం తీసేసి నేను కారుకి పెట్టుకోనా?” అని, బజారుకి వెళ్ళి కొత్త లైటు కొని, అది పడవకి బిగించి వెలిగించి చూపించాకే పాతది సంచీలో వేసుకున్నారు.

మిగిలింది కార్బ్యురేటరు. మావగారు ఎటో చూస్తూ, “అది… మీ బావగారు అడిగితే ఇచ్చానే. మొగల్తూరులో ఉంటుంది” అన్నారు. ఆ బావగారు పోయి అప్పటికి రెండేళ్ళు. చావుకి కూడా ఈవిడ వీధిగుమ్మం దాకానే వెళ్ళి వచ్చారు. రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడోనాడు పొద్దున్నే చీర మార్చుకుని, “పద అమ్మాయ్” అన్నారు.

వాళ్ళక్కగారు వాకిట్లో వడియాలు పెడుతున్నారు. తలెత్తి చూశారు. లేవలేదు.

“నాన్నగారి కారు బాగు చేయిస్తున్నానక్కా. కార్బ్యురేటరు నీ దగ్గరుందట.”

“ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా?”

“ఏది? కారా, నువ్వా?”

“రెండూను.”

మా అత్తగారు చెప్పులు విడిచి వెళ్ళి ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని, పిండి గిన్నె తీసుకుని తానూ వడియాలు పెట్టడం మొదలుపెట్టారు. ఇద్దరి వరసలూ కలిసి గుడ్డ నిండింది. చేతులు కడుక్కుని అక్కగారు లోపలికి వెళ్ళి, పాత పంచె ముక్కలో చుట్టిన మూట ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. విప్పితే కార్బ్యురేటరు. తుప్పు చుక్క లేదు. “మీ బావగారు వాడనేలేదు. నేనే ఏడాదికోసారి నూనె పట్టించి పెట్టాను” అన్నారు. “ఇస్తాను గాని, అది లేచేటప్పుడు నేనక్కడ ఉండాలి.”

“అందుకే కదక్కా వచ్చాను” అన్నారు మా అత్తగారు. తిరుగు బస్సులో అక్కగారితో కలిపి ముగ్గురం వచ్చాం.

ఇక మా ఇంట్లో మగవాళ్ళకి తొందర. “పెట్రోలు పోసి, నలుగురం తోస్తే అదే అంటుకుంటుంది” అన్నారు మావారు. మేస్త్రి కూడా అదే పాట. మా అత్తగారు ఒప్పుకోలేదు. “ఇన్నేళ్ళు లంఖణాలు చేసింది. ఒక్కసారే విందు పెడతారా? ముందు పథ్యం.” ట్యాంకులో అడుగున మిగిలిన పెట్రోలు వార్నిషు కంపు కొడుతోంది. అది తీయించి ట్యాంకు కడిగించారు. గట్టిపడ్డ రబ్బరు గొట్టాలన్నీ మార్పించారు. ప్లగ్గులు విప్పించి, ఆ కన్నాల్లో కాస్త కాస్త ఇంజనాయిలు పోయించి, రాత్రంతా నానబెట్టారు. ప్లగ్గులు లేకుండానే హ్యాండిలు మెల్లిగా తిప్పించారు. ఇంజను నిట్టూర్చినట్టు తిరిగింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి “ఆఁ!” అన్నారు.

స్టార్టు చేసే రోజున కారుని ఖాళీ కళ్ళంలోకి తోయించారు. గడ్డిమేటుకి దూరంగా. చక్రాలకి ముందూ వెనకా ఇటికలు. పక్కన రెండు బకెట్ల ఇసక, తడిపిన గోనెలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చుట్ట ఆర్పితే గాని లోపలికి రానివ్వలేదు. మేస్త్రి పెట్రోలు పైకి రావడానికి రెండు మూడుసార్లు హ్యాండిలు తిప్పాడు. ఇంకా తాళం తిప్పలేదు.

మా అత్తగారికో అలవాటు ఉంది. మజ్జిగైనా, చారైనా, కొత్త బట్టైనా ముందు వాసన చూస్తారు. కారు ముందు వంగి నిలబడ్డావిడ చెయ్యెత్తారు. “ఆగు. పెట్రోలు.”

“కొత్తది పోశాం కదండీ, వాసన రాదేంటండీ?”

“పోసిన వాసన వేరు, కారే వాసన వేరు. చూడు.”

మేస్త్రి వంగి చూశాడు. గొట్టం కలిసేచోట ఒక చుక్క వేలాడుతోంది. దానికి సరిగ్గా కిందే పొగగొట్టం. ఇంజను వేడెక్కి ఉంటే ఏమయ్యేదో అక్కడున్న అందరికీ తెలిసింది. మావారు ఒక బకెట్టు ఇసక ఇంకొంచెం దగ్గరకి జరిపారు. క్లిప్పు మార్చి బిగించి, తడి అంతా తుడిచి, ఆరేదాకా అందరం మజ్జిగ తాగుతూ కూర్చున్నాం.

మా అత్తగారు డ్రైవరు సీటు తలుపు తీసి అక్కగారితో, “నువ్వు కూర్చో. తాళం నువ్వే తిప్పాలి” అన్నారు. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని కూర్చున్నారు. మేస్త్రి హ్యాండిలు పట్టుకోగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క గొంతుతో, “బొటనవేలు!” అని అరిచారు. హ్యాండిలు వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుందని, దాన్ని మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకోవాలని వాళ్ళ నాన్నగారు చెప్పేవారట. మేస్త్రి నవ్వి వేలు సర్దుకున్నాడు.

మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి దగ్గి, తుమ్మి, తెల్లటి పొగ కక్కి, అంటుకుంది!

కళ్ళంలో బాతులు చెల్లాచెదరయ్యాయి. జనం ఈలలు. కారు ఒళ్ళంతా వణుకుతోంది. లోపల కూర్చున్న అక్కగారు స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. మా అత్తగారు ఇంజను మీంచి కళ్ళు తిప్పలేదు. నీళ్ళు, ఆయిలు, గొట్టాలు అన్నీ చూసుకుని, ఇక పరవాలేదని తేలాక అప్పుడు, రెండు చేతులూ పైకెత్తి చిన్నపిల్లలా ఒక్క గెంతు గెంతారు. ఆవిడ గెంతడం నేను చూసింది అదొక్కసారే. మావగారు అందరికీ వినబడేలా, “ఇక మీదట ఎవరడిగినా మేకు కూడా ఇవ్వను” అని ప్రకటించారు.

బ్రేకులు కొత్తవి వేయించి, కాగితాలు, లైసెన్సు సరిచేయించుకునేదాకా రోడ్డెక్కలేదు. “కదలడం కంటే ఆగడం ముందు రావాలి” అని కళ్ళంలోనే పదిగజాలు పోవడం, ఆపడం, మళ్ళీ పోవడం. ఈలోగా అక్కగారు ఇంటికి వెళ్తానంటే, “బస్సులో పంపను. తీసుకెళ్ళి దింపుతాను” అన్నారు. మేత బస్తాలకి వేరే పాక వేసుకున్నారు మావాళ్ళు. కారు అమ్మే మాట మళ్ళీ ఎవరూ అనలేదు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు ఆవిడ దాన్ని నడుపుతూనే ఉన్నారు. అక్కగారు పోయిన రోజున కూడా మొగల్తూరుకి ఆ కారులోనే వెళ్ళారు, ఈసారి గుమ్మం దాటి లోపలిదాకా.

నాకు మటుకు అక్కగారిని దింపడానికి వెళ్ళిన ఆ మొదటి ప్రయాణమే కళ్ళముందు ఉంది. ముందు సీట్లో ఇద్దరక్కాచెల్లెళ్ళు, వెనక మావగారు, నేను. పొద్దుటి ఎండ. కాలవ పక్క రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళు దిగి నిలబడి చూస్తున్నారు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు పక్కకి తీసి దారిచ్చి, దణ్ణం పెట్టాడు. మొగల్తూరు మలుపు దగ్గరకి రాగానే మా అత్తగారు కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాచారు, తిరుగుతున్నానని వెనక వచ్చేవాళ్ళకి తెలియడానికి. వెనక ఎవరూ లేరు. మలుపు తిరిగాక కూడా ఆవిడ ఆ చెయ్యి లోపలికి తీసుకోలేదు. పచ్చటి చేల మీద, గాజులు మెరుస్తూ, వేళ్ళు బారచాపి, అలాగే గాలిలో ఉంచేశారు.