లచ్చవ్వ బొటనవేలు

నేను ఆర్మూర్ల కంప్యూటర్లు రిపేర్ చేస్త. పసుపు మార్కెట్ కాడి ఆన్‌లైన్ సెంటర్ల సిస్టం ఊకె ఆగిపోతుందంటే ఇయ్యాల పొద్దుగాల పోయిన. గసొంటి రోగం దొరకాలంటే, అది ఆగినప్పుడే బటన్లు నొక్కి కావాలని క్రాష్ చెయ్యాలె. ఎందుకు ఆగిందో అప్పుడు సిస్టమే రాసిపెడ్తది, కానీ అప్పటిదాంక నడుస్తున్న పని పోతది.

రెండు గంటలు కాసుకొని కూసున్న. మోర్తాడ్ నుంచి వచ్చిన లచ్చవ్వ రేషన్ కార్డు కేవైసీకి బొటనవేలు పెడ్తుంది. బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగినయి, అర్ధగంట సంది ముద్ర పడ్తలేదు. ఆఖరికి పడ్డది. గప్పుడే స్క్రీన్ ఆగింది.

"జర ఆగు బిడ్డా, ఇప్పుడే పడ్డది" అన్నది.

"మళ్ల పెడ్దువు తియ్యవ్వా" అని ఆ బటన్లు నొక్కిన.

స్క్రీన్ నీలంగ అయింది. ఆగుడికి కారణం వేలిముద్రల మిషన్ సాఫ్ట్‌వేర్ల దొరికింది, సరిచేసిన. గప్పటి సంది సిస్టం ఒక్కసారి సుత ఆగలేదు. లచ్చవ్వ వేలు కొంగుకు తుడుసుకుంట ఎన్నిసార్లు పెట్టినా, ముద్ర కలుస్తలేదని సిస్టం టక్కున చెప్పింది. సాయంత్రం బస్సుకు ఆమె ఉత్తగనే పోయింది.

పది నిమిషాలు ఆగితే ఒక్కోసారి సిస్టం అదే తేరుకుంటదని సెంటర్ నడిపే ఆయన నాకు పొద్దుగాలనే చెప్పిండు. మీరైతే ఆగుతుంటిరా?