ఫ్లాస్కు మూత మీది తంబాకు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నన్ను నమ్ముకొని వచ్చిన దయ్యమూ ఏదీ లేదు. జనగామలో మాది టీ పొడి హోల్‌సేల్ దుకాణం. ఆ బస్తాల మధ్యనే పెరిగిన. అటువంటి నాకు ఇవాళ టీ వాసనే పడదు. ఎందుకో చెప్తా, నవ్వేటోళ్లు నవ్వుకోవచ్చు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. బండ్ల నంబర్లలో ఏపీ చెరిపి టీజీ రాసుకుంటున్నరు. కాలేజీలు బందు. ఊరంతా ఒక 'టీ' కోసం రోడ్డెక్కితే నేను ఇంకో టీ కోసం కొండెక్కిన. నీలగిరి తోటలు చూసొస్తనని ఇంట్లో చెప్పిన. అసలు పని నా క్లాస్‌మేట్ శంకర్‌ది.

శంకర్‌ది మహబూబాబాద్ పక్క గూడూరు దగ్గర ఒక లంబాడీల తండా. వాళ్ల బాపు ఎవరో మేస్త్రీ వెంట ఆ కొండల్లో రోడ్డు పనికి పోయి ఏండ్లయింది. మళ్లీ రాలేదు, కబురూ లేదు. వాళ్లమ్మ మోచేతి పైన తెల్లగాజులు మాత్రం అట్లనే ఉన్నయి. వాళ్లలో భర్త పోతే తీసేసే గాజులవి. ఇంకెన్నాళ్లు వేసుకుంటవని తండాలో మొహం మీదనే అడుగుతున్నరు. "ఉన్నడో లేడో, ఒక్క మాట తెల్సుకొని రా" అని ఆమె కొడుకును పంపింది. తోడుగా నేను. ధైర్యవంతులు ఎవరూ ఖాళీగా లేరు మరి.

మహబూబాబాద్‌లో రైలెక్కి పోయి, వీపున బ్యాగులు వేసుకొని ఆ కొండలు తిరిగినం. క్యాలెండర్లలో తోటలు ఎంత పచ్చగా కనపడతయో, లోపల నడిస్తే అంత రోత. జలగలు సాక్సుల్లోకి దూరి, రక్తం తాగి, నల్లద్రాక్షల్లెక్క ఉబ్బేవి. పీకితే వేళ్లకు అంటుకునేవి. ఫ్యాక్టరీ వెనక కుళ్లిన ఆకు కుప్పలు, వాటి మీద పురుగులు. మా దుకాణం సరుకు పుట్టిల్లు ఇదా అనిపించింది. కూలీల ఇండ్ల దగ్గర ఫోటో చూపించి అడిగినం. వాళ్ల అరవం మాకు రాదు, నా ఇంగ్లీషు ఎవరికీ రాదు, నాతో సహా. అందరూ ఫోటో చూసి తల అడ్డంగా ఊపిన్రు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఎప్పుడో ఖాళీ చేసిన కూలీల ఇండ్ల వరుస కనబడితే ఒక గదిలోకి దూరినం. ఒక్కటే తలుపు. కిటికీ లేదు. సిమెంటు నేల మీద మందంగా దుమ్ము. కొండ కింద హోటల్లో నింపించుకున్న ఫ్లాస్కు తీసి, శంకర్ దాని మూతలోకి చాయ్ వంచిండు. తాగబోయే ముందు కొంచెం నేల మీద పోసిండు. మా దిక్కు కల్లు తాగేటప్పుడు దేవతలకు, పోయిన పెద్దలకు అట్ల పోస్తరు. సాక అంటరు.

"కల్లుకు పోస్తరు గని, చాయ్‌కి ఎవడన్న సాక పోస్తడారా?" అన్న.

"అలవాటు సేటూ. చెయ్యి ఆగలె."

"ఎవరికి పోసినవ్?"

వాడు నా మొహం చూసిండు. ఏం చేసిండో అప్పుడు తట్టింది వానికి. బతికున్నడని వెతకబోయి, పోయినోనికి పోసినట్టు పోసిండు. తాగకుండానే మూత కింద పెట్టిండు.

నా మడమ దగ్గర మళ్లీ జలగ. గడపలో కూర్చుని ఉప్పు చల్లుతుంటే శంకర్ పక్కన నిలబడి కాలు పట్టుకున్నడు. ఇద్దరం తలుపుకు అడ్డంగనే ఉన్నం. లోపలికి ఎవరు పోవాలన్నా మమ్మల్ని తొక్కుకుంటనే పోవాలె.

వెనక్కి తిరిగేసరికి మూత ఖాళీ. దాని అంచుకు నమిలిన తంబాకు ముద్ద అతికి ఉంది. తడిగా, నురగతో, ఒక పక్క పంటి గాట్లతో. మా ఇద్దరికీ తంబాకు అలవాటు లేదు.

"బాపు గిట్లనే పెడ్తడు," అన్నడు శంకర్. "చాయ్ తాగేదాంక గ్లాసుకు పెట్టి, మల్ల నోట్లె ఏసుకుంటడు. అమ్మ ఎంత తిట్టినా ఇనడు."

వాడు దాన్ని వేలితో ముట్టిండు. "ఎచ్చగుంది సేటూ."

నేను బయటికి ఉరికి కక్కిన. వాడు లోపల నిలబడి "బాపూ, బాపూ" అని పిలుస్తున్నడు. చప్పుడు వాన ఒక్కటే. తిరిగి వచ్చి నేల చూసిన. దుమ్ములో మా బూట్ల గుర్తులే ఉన్నయి. సాక పోసిన చోట తడి లేదు. అంత మేర దుమ్ము కూడా లేదు. నాలుకతో నాకినట్టు నున్నగా ఉంది.

తండాకు వచ్చి శంకర్ తంబాకు సంగతి చెప్పిండు. ఆమె గాజుల మీద చెయ్యి పెట్టుకొని అంతా విన్నది. వాణ్ని వదిలి నన్ను అడిగింది.

"తడిగుండెనా కొడుకా?"

"తడిగనే ఉండె అవ్వా."

"సచ్చినోనికి నోట్లె ఉమ్మి ఊరదు. ఉన్నడు." లేచి పొయ్యి మీద చాయ్ పెట్టింది.

నేల సంగతి శంకర్ చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. తంబాకును బట్టి చూస్తే మనిషి బతికి ఉండాలె. నేలను బట్టి చూస్తే ఉండకూడదు, సాక అందేది పోయినోళ్లకే గదా. ఆ గదిలో ఎవరూ లేరన్నది మాత్రం నేను కండ్లార చూసిన. ఈ మూడూ ఒకదానికొకటి ఎట్ల పొసగుతయో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

తెలంగాణ వచ్చింది. ఆయన రాలేదు. ఎప్పుడన్న తండాకు పోతే ఆమె నాకు చాయ్ ఇస్తది, ఆ తెల్లగాజుల చేతులతోనే. వద్దనలేను. గ్లాసు అంచు చుట్టూ వేలితో తుడిచి, ఊపిరి బిగబట్టి తాగుత.