గొర్రెలకు పడిన మార్కులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకాన్ని ఉద్ధరించడానికే పుట్టానన్న జబ్బు నాకు బాగా ముదిరి ఉండేది. మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. మట్టితో నా చుట్టరికమంతా గుంటమగ్గం గుంట వరకే (అందులో పెట్టే కాళ్లు కూడా నాన్నవే). అలాంటి నాకు ఆదోని వ్యవసాయ ఆఫీసులో మట్టి నమూనాలు తెచ్చే పని దొరికింది.

కౌతాళం కాలువ కింది వరిమడి నుంచి ఒక సంచి, కోసిగి మెట్టచేను నుంచి ఒక సంచి తెమ్మని మా సారు పంపారు. సారంలో ఏది గెలుస్తుందో కూడా ముందే చెప్పారు. ఎండలు మండే చోట, ఏటా దున్ని, పత్తికట్టెను సైతం పొయ్యిలోకి పీక్కుపోయే చేలో ఆకూ అలమూ కుళ్లి కలిసే సారం నిలవదట. నీళ్లు నిలిచే మడిలో వరి వేళ్లు మెల్లగా కుళ్లుతాయి కాబట్టి అక్కడ అది మిగులుతుందట. చేనంతా తిరిగి పది చోట్ల తవ్వి కలపమని మరీమరీ చెప్పారు. కౌతాళంలో బుద్ధిగా అలాగే చేశాను. కోసిగిలో మాత్రం మిట్టమధ్యాహ్నం, పార వేస్తే నేలలోకి దిగడమే లేదు. ఒక మూల మెత్తగా, నల్లగా కనబడింది. పది గుంతలూ అక్కడే తవ్వేశాను.

ఫలితాలు రాగానే కుర్చీలోంచి ఎగిరి లేచాను. కోసిగి గెలిచింది. పుస్తకాలు తప్పు, సారు తప్పు, నేను ఒప్పు. నాన్నకు ఫోన్ చేస్తే మగ్గం ఆపి వీధంతా చెప్పి వచ్చాడు. సారు కాగితం చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు (అసూయ అనుకున్నాను). ఆగలేక మర్నాడే బస్సెక్కి, ఆ చేను గల అవ్వ దగ్గరికి పోయి, మీ నేల కాలువ నేలను మించిందని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అవ్వ మురిసిపోయి, అప్పుడే మందతో వస్తున్న గొర్రెలాయన్ను ఇంక అక్కర్లేదని వెనక్కి పంపేసింది. (మా వైపు విత్తే ముందు గొర్రెల మందను చేలో పడుకోబెడతారు. మెట్టకు వాటి పెంటే ఎరువు.)

"పోయిన నెల ఆ మూల మూడు దినాలు పండుకోబెట్టి దున్నించినాను పాపా. ఇంత బలముంటే మిగతాదానికి మంద యాల?" అంది.

ఆ మూల అంటే నా పది గుంతల మూల. నా మాట నమ్మితే ఆ ఏడు మిగతా చేనంతా పస్తే. చెప్పులు ఊడుతున్నా ఆగకుండా పరిగెత్తి, రోడ్డు మలుపులో చేతులు చాచి మందకు అడ్డం నిలబడ్డాను. తప్పు నాదేనని చెప్పి, మందను మళ్లించమని బతిమాలాను. ఆయన నన్నూ నా కాళ్లనూ చూసి, మందను చేను వైపు తిప్పాడు.

అంతా చెప్పి తలొంచుకుంటే అవ్వ పడీపడీ నవ్వింది. "అట్లయితే మార్కులు పడినేది గొర్లకు, నా చేనికి గాదు."

మళ్లీ చేనంతా తిరిగి తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి, కోసిగి మామూలుగానే ఓడింది, సారు చెప్పిందే నిజమైంది. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు పార ఇచ్చే ముందు, ఇక్కడ గొర్రెలు పడుకున్నాయేమో అడగమని నేర్పుతుంటాను. నాన్న మాత్రం నేటికీ మగ్గం దగ్గరికొచ్చిన వాళ్లందరికీ తన కూతురు కోసిగిని గెలిపించిన కథే చెబుతాడు. నేను పక్కనే కూర్చుని వింటాను. ఆ ఒక్క ఫలితాన్ని దిద్దడానికి నాకు ఇంతవరకు మనసు రాలేదు.