చిన్నకోడలు వెళ్ళిన వంట క్లాసు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. దానికి ఇంకో మంచి పేరు వెతికే ఓపిక నాకు లేదు. మేమిద్దరం మా దీవిలో సాంత్ర్ ద ఫ్లాక్ అనే ఊరి దగ్గర ఒక చెరుకు ఎస్టేట్ మేనేజరు ఇంట్లో పనిచేసేవాళ్ళం. నాది వంటిల్లు. గదులు ఊడవడం, బట్టలు ఉతకడం ఆమె పని. ఆ ఇంట్లో ఆమెను కుదిర్చింది కూడా నేనే. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమెకి పప్పు మాడకుండా దించడం కూడా రాదు. మా అత్త తిడుతుంటే నేనే పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాను.

ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోతారట, దేశం మనదవుతుందట అని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం ఊళ్ళో ఒక క్లాసు పెట్టారు. వంట, ఇస్త్రీ, భోజనాల బల్ల సర్దడం నేర్పి చివర్లో సర్టిఫికెట్ ఇస్తారని చెప్పారు. మా మదాం, అంటే మేనేజరు భార్య, ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, వెళ్తావా అని నన్ను అడిగింది.

వెళ్ళాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. అయినా "పా బిజేఁ, మదాం" అన్నాను, అక్కర్లేదని. మా వాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా పెడతామంటే మొదటిసారే చెయ్యి చాపం. వద్దంటాం. వాళ్ళు బలవంతం చేస్తారు. మళ్ళీ వద్దంటాం. అప్పుడు వాళ్ళు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి వడ్డిస్తే తింటాం. అది మర్యాద. మదాం మళ్ళీ అడుగుతుంది కదా అని చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆ తెల్లావిడకి వద్దంటే వద్దనే. సరేనని వెనక్కి తిరిగి, వరండా తుడుస్తున్న మా తోడికోడల్ని అడిగింది. ఆమె చేతిలో గుడ్డ కింద పెట్టకుండానే "వెళ్తా మదాం" అంది.

ఒక్క మాటకే ఒప్పేసుకుంది. పెద్దదాన్ని నేనక్కడ ఉన్నానని కూడా చూడలేదు.

ఇక చూడాలి ఆ సంబరం. క్లాసున్న రోజు తెల్ల ఏప్రన్ మడతపెట్టి సంచీలో పెట్టుకుని బస్సెక్కేది. వచ్చాక చేతిగుడ్డని పువ్వులా ఎలా మడవాలో మా అత్తకి చూపించేది. నేను ఎన్నేళ్ళు వండి పెట్టినా బాగుందని ఒక్కమాట అనని మా అత్త, ఆ గుడ్డ పువ్వుని చూసి "నా బంగారమే" అని మెటికలు విరిచింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సర్టిఫికెట్ వచ్చాక మదాం ఆమెను వంటింట్లోకి మార్చింది. ఊడ్చే పని ఇద్దరికీ పంచింది. ఆమె పాలూ వెన్నా పిండీ కలిపి తెల్లటి సాస్ చేస్తుంటే నేను పక్కన ఉల్లిపాయలు తరిగేదాన్ని. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కన్నీళ్ళు పెట్టుకుంటే ఎందుకని ఎవరూ అడగరు. ఆ రోజుల్లో నాకున్న సుఖం అదొక్కటే. "అక్కా, ఉప్పు సరిపోయిందా?" అని ఆమె గరిటె చాపితే, "సర్టిఫికెట్‌ని అడుగు" అనేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వంటే నాకు ఇంకా మంట.

కొన్నాళ్ళకి ఇంటి పనివాళ్ళకి కూడా చట్టం వస్తుందన్నారు. జీతం, సెలవు అన్నీ రూలు ప్రకారమేనట. వంటావిడని క్విజిన్యే అనాలి, ఆవిడకి జీతం ఎక్కువ. బొన్ అంటే పనిమనిషి, ఆవిడకి తక్కువ. ఎవరు ఏమిటో తెలుసుకోవడానికి లేబర్ ఆఫీసు నుంచి ఒకాయన మా మదాం ఇంటికి వచ్చాడు. ఆ పొద్దుట మా మదాం మమ్మల్నిద్దర్నీ వరండాలోకి పిలిచింది. ఇంతకాలం ఆ పొగలో దగ్గిన నన్ను ఇప్పుడు బొన్ అంటే, ఇక చచ్చేదాకా బొన్‌నే.

"ఈ ఇంట్లో క్విజిన్యే ఎవరు?" అని ఆయన అడిగాడు.

మదాం మా తోడికోడలి వైపు చెయ్యి చూపించింది. "ఈమే. ట్రైనింగ్ అయింది. ఆ పెద్దామె సాయం చేస్తుంది."

కాదని అనాలి. ఇంటి యజమానురాలి మాట కాదనడం ఎలాగా అని కొంగు సర్దుకుంటున్నాను.

"కాదు మిస్యే," అంది మా తోడికోడలు ఆ వచ్చినాయనతో. "క్విజిన్యే మా అక్క. నేను క్లాసుకి వెళ్ళక ముందే నాకు పొయ్యి దగ్గర అన్నీ నేర్పింది ఆమే. నేను బొన్‌ని."

మదాం మొహం ఎర్రబడింది. ఆయన నా వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. నేను తలూపాను. అలా నేను క్విజిన్యేని అయ్యాను, ఆమె బొన్‌గా ఉండిపోయింది.

బస్సు దిగి చెరుకు తోటల మధ్య నడుస్తుంటే, ఎందుకలా అన్నావని అడిగాను. "నిజమే కదక్కా," అంది, అంతే. ఆదివారం భజన దగ్గర ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ చేరారు. ఎంత మంచి మనసమ్మా, తోడికోడలి కోసం ఎవరు అలా చేస్తారు అన్నారు. మా అత్త మళ్ళీ మెటికలు విరిచింది. నా వంట గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పని నాది. ఆమె రాకముందు నుంచీ నాదే. నాదే తీసి నా చేతిలో పెట్టి మంచిదనిపించుకుంది. ఆమె ఏదైనా లాక్కుని ఉంటే, ఈపాటికి ఎప్పుడో క్షమించేసేదాన్ని.