మిషను బొట్టు

గుండె అన్నచోట మీరు వేలు పెడితే కళ్లు అని చీటీ ఇచ్చే యంత్రం ఎదురైతే ముందు దేన్ని అనుమానిస్తారు? యంత్రాన్నా, మీ వేలినా, మీ గ్రహచారాన్నా?

మొన్న నర్సీపట్నంలో బీపీ చూపించుకుందామని ఆసుపత్రికి వెళితే, టోకెన్లిచ్చే కొత్త తెరకు నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. చూడగానే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఒకప్పుడు ఆ యంత్రాలే నా ఉద్యోగం. లినక్సు అనే సాఫ్ట్‌వేరుతో నడిచే చిన్న కంప్యూటరు, దానికో టచ్ స్క్రీను. ఆనాటి తెరలు తాకితే పలికేవి కావు, నొక్కాలి. ఎక్కడ నొక్కితే ఏది నొక్కినట్టో కూడా వాటికి మనమే నేర్పాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అనేవాళ్లం. మూలల్లో ఒక్కొక్కటిగా వచ్చే ప్లస్ గుర్తుల్ని సరిగ్గా నడిమధ్య నొక్కాలి. చెయ్యి వణికిందా, తెర ఆ వణుకునే నిజమని నమ్మేస్తుంది.

ఒకనాడు ఇదే ఆసుపత్రివాళ్లు కబురుపెడితే వెళ్లాను. వరుసలో నాతవరం నుంచి షేర్ ఆటోలో వచ్చిన మా పిన్ని, ఎడమ రొమ్ము మీద చెయ్యి అదిమిపెట్టుకుని, కళ్ల డాక్టరు టోకెను పట్టుకుని కూర్చుని ఉంది. తెర మీద ఎన్నిసార్లు గుండె నొక్కినా అదే వచ్చిందట. గుండె డాక్టరు విశాఖ నుంచి వారానికోసారి వస్తాడు, ఇంకాసేపట్లో బయలుదేరతాడు, టోకెను లేనిదే లోపలికి పంపరు. నేను క్యాలిబ్రేషన్ చేశాను, మళ్లీ చేశాను. వేలు ఒకచోట, బాణం గుర్తు ఇంకోచోట. వంగి చూస్తే, ప్రతి శుక్రవారం ఆసుపత్రి ఆయా తెర మూలలకు బొట్లతో పాటు పెట్టిన పసుపు చట్రం సందులోకి దిగి, గట్టిపడి, తెరను లోపలినుంచి ఎవరో ఎప్పుడూ నొక్కుతున్నట్టే అదిమిపెడుతోంది. తడిబట్ట తీశానో లేదో, ఆయా అడ్డం వచ్చింది.

"ఓలమ్మో, బొట్టు సెరిపేత్తావేటి బాబూ! మిషను ముండమోసిపోదా?"

వరుసలో వాళ్లంతా ఆమెకే వంత పాడారు. అప్పుడు పిన్ని, ఊపిరి అందక ఆగి ఆగి, అంది:

"నా బొట్టు సెరిపిననాడు ఒక్కలూ అడ్డురానేదు, మిషను బొట్టుకి ఇంతమందొచ్చినారేటే! సెరిపీరా నాయినా, బేగి."

ఆయా పక్కకు జరిగింది. నేను తుడిచి, సందులోని పెచ్చు పిన్నీసుతో గీకి తీసి, ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని ప్లస్ గుర్తులన్నీ మళ్లీ నొక్కాను. పిన్ని తన వేలు తానే పెట్టింది. గుండె అనే వచ్చింది. డాక్టరు అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు, టోకెను చూసి మళ్లీ కూర్చున్నాడు.

పిన్ని ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది, బోసి నుదుటితోనే. ఇప్పటి తెరలకు మన పాఠం అక్కర్లేదు, వేలు ఎక్కడో వాటికి పుట్టుకతోనే తెలుసు. బొట్టు ఎక్కడుండాలో, ఎవరిది తీయకూడదో మనకే ఇంకా తెలిసిరాలేదు. అందుకే చెబుతున్నాను: రేపు మీ వీధిలో ఎవరైనా పోయినప్పుడు, ఆచారమని ఆ ఇల్లాలి నుదుటి బొట్టు మీదికి వచ్చే చేతిని, పదిమందీ చూస్తుండగా, గట్టిగా పట్టుకుని ఆపండి.