బిళ్ల అంచున గాటు

మొన్న సెలవులకు గోదావరిఖని వచ్చిన మా మనవరాలు, విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదువుతున్న పిల్ల, ధ్వనుల గుర్తులున్న కాగితం నా ముందు పెట్టి, అక్షరాలు కుదురుగా నిలబడటం లేదనీ, డాక్టరు దీన్ని డిస్‌లెక్సియా అని రాసిచ్చాడనీ, ఆ చీటీ ఆఫీసులో ఇస్తే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి చదువే మానేస్తాననీ చెబుతుంటే, నా చిన్నప్పటి భయం తిరిగొచ్చింది. అదే శాస్త్రం ముప్పై ఏళ్లు బోధించి రిటైరైనదాన్ని, ధైర్యం చెప్పాల్సింది పోయి నేనే భయపడ్డాను.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. దిగేముందు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను బోర్డుకు తగిలించి, పైకొచ్చాక తీసుకుపోవాలి. బిళ్ల అక్కడే ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. బాపుకు అంకెలు తారుమారయ్యేవి, అందుకని తన బిళ్ల అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టుకుని, వేలితో తడిమి పోల్చుకునేవాడు. ఒకసారి ఆ బిళ్ల అరిగిపోయిందని గాటు లేని కొత్తది ఇచ్చారు. ఆ రోజు షిఫ్టు అయి పైకొచ్చి, ఇంకా లోపలే ఉన్న మరొకరి బిళ్ల తీసుకుని, కూరగాయలకని అంగడికి పోయాడు.

బాపు పైకి రాలేదని ఇంటికి కబురొచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని బాయి దాకా పరుగెత్తింది. వెతకడానికి మనుషులు మళ్లీ దిగుతుంటే ఆమెకు ఏడుపు కూడా రాలేదు. నేను ఆ బోర్డునే చూస్తూ, అంకెలు నా కళ్లకు అటూఇటూ తిరుగుతున్నాయని గ్రహించి ఇంకా హడలిపోయాను. పొద్దు వాలకముందే బాపు సంచీతో ఎదురొచ్చాడు. తొందరలో పొరపాటైందని సార్లకు చెప్పాడు గానీ, ఇంటికి నడుస్తుండగా నా సంగతి నేను చెబితే, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు గూడ నంబర్లు ఉల్టా కనవడ్తయి బిడ్డా. తెలిస్తె డ్యూటీల నుంచి తీసేస్తరు. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు."

చెప్పలేదు. పాఠాలు బట్టీపట్టాను, తలుపు వేసుకుని ఒక్కో మాట కింద వేలు ఆనించి పేపర్లు దిద్దాను, బోర్డు మీద రాసే పనంతా పిల్లలతో చేయించాను. పిల్లలను ముందుకు తెచ్చే టీచరమ్మనని మెచ్చుకున్నారు కూడా. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో నా తరగతిలో ఒకమ్మాయి విన్న ప్రతి ధ్వనినీ తప్పులేకుండా పలికేది, రాయమంటే మాత్రం వణికేది. చూసిన మొదటిరోజే ఆమెదీ నా ఇబ్బందేనని తెలిసిపోయింది. నోరు విప్పితే నేను బయటపడతానని ఊరుకున్నాను. రెండో ఏడు ఆమె రాలేదు.

ఇదంతా మొన్న మొదటిసారి మనవరాలికి చెప్పాను.

"గిన్నేండ్లు గీ భయం ఒక్కదానివే ఎట్ల మోసినవ్ అమ్మమ్మా?"

తెల్లారి ఇద్దరం కూర్చుని, డాక్టరు చీటీ జతచేసి విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాశాం. ఇప్పుడు అడిగితే పరీక్షలో ఎక్కువ సమయం ఇస్తారట, ప్రశ్నలు చదివి వినిపించే మనిషిని కూడా పెడతారట. మా కాలంలో ఇవేవీ లేవని రాసి ఈ జ్ఞాపకం ముగిద్దామనుకున్నాను గానీ, అది పూర్తి నిజం కాదు. రెండో ఏడు రాని ఆ అమ్మాయికి, పక్కన కూర్చుని "నాకూ అంతే" అనగలిగే మనిషి ఆ రోజు తరగతిలోనే ఉంది. నేనే అనలేదు.